పండించిన చేతి పేరు

గట్టుగూడెం, ఏన్కూరు మండలం
జూన్ నెల, ఆదివారం

నా బిడ్డ ఫ్లోరెన్స్‌కు,

పెద్దమ్మ సంపూర్ణ రాసేది. ఇక్కడ నేను క్షేమమే, కానీ ఈ క్షేమం ఎన్నాళ్ళుంటుందో అని భయం. నీ దగ్గు తగ్గిందా? హైదరాబాదులో ఏసీ గదుల్లో నిలబడి పాఠం చెప్పేటప్పుడు మెడకు గుడ్డ చుట్టుకో. ఎవరైనా నవ్వితే నవ్వనీ. ఫోనులో చెబుదామంటే నా చెవిలో హోరు తప్ప నీ మాట వినపడదు. పైగా అడవి పక్క ఊరు, మాట సగంలో ఉండగానే సిగ్నల్ పోతుంది. ఉత్తరమైతే మళ్ళీ మళ్ళీ చదువుకోవచ్చు. నా అయిదో తరగతి చదువుకు మిగిలిన సుఖం ఇదొక్కటే.

తొలకరి పడింది. కరెంటు తీగ మన రేకుల మీదికి వంగింది. లైన్‌మన్‌కు చెప్తే "తెగితే చూద్దాం తీ పెద్దమ్మా" అన్నాడు. తెగాక చూడడానికి నేనుండాలి కదా.

నేను రాయాలనుకున్నది ఇది కాదు. పాస్టరు జకర్యా గారి భార్య ఒక పేపరు తెచ్చి చూపించింది. అందులో మీ సారు ఉదయ్ భాస్కర్ బొమ్మ ఉంది. ఆయన పుస్తకం తెలుగులోకి వచ్చిందట. నలుగురిలో ఉన్నప్పుడు మనిషి ఏది ఎందుకు తేల్చుకుంటాడో కనిపెట్టాడట. ఎక్కడ కనిపెట్టాడు? మన గుడిలో! కోతపండుగ నాడు దేవునికి తెచ్చిన కాయగూరలు, కోళ్ళు వేలం వేస్తాం కదా, ఆ పాట చూసి. నన్ను కూడా రాశాడు బిడ్డా. "చదువు లేని ఒక విధవ, ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అన్న భయంతో, కోళ్ళమ్మిన డబ్బంతా పెట్టి ఒక గుమ్మడికాయ పాడుకుంది" అని. పేరు పెట్టలేదు. పెట్టకపోతేనేం, గుమ్మడికాయ కోసం కోళ్ళమ్ముకున్న విధవ ఈ ఊళ్ళో నేను కాక ఇంకెవరు? నల్లా దగ్గర కొండమ్మ అడగనే అడిగింది, "ఏందక్కా, గా రోజు మాకు భయపడి పాడినవంట గదా?" అని.

నేను భయస్తురాలినే. పాముకు భయం, ఉరుముకు భయం, దవాఖానాలో సూదికి భయం. కానీ ఆ రోజు భయపడలేదు. ఆ కాయ మీ అమ్మ గ్రేసమ్మ తీగది. నా చెల్లెలు గింజ నాటింది, పిందె చూసింది, కాయ చూడకుండా పోయింది. మన గుడి పద్ధతి నీకు తెలుసు. పాట గెలిచినవాళ్ళు గుడంతా వినేటట్టు "ఇది ఫలానా వాళ్ళ పంట, నాది కాదు" అని చెప్పాకే కాయ ఎత్తాలి. గ్రేసమ్మ పేరు ఆ గోడల మధ్య ఇంకొక్కసారి మోగాలని పాడాను. ట్రాక్టరు సమ్మయ్య నా మీద పంతానికి పాట పెంచాడు, నేను తగ్గలేదు. అంతే.

నీ పేరు కోసం అద్దాలు తుడుచుకుని పేపరంతా వెతికాను. లేదు. ఆ ఏడు వెనక బల్ల మీద కూర్చుని రాసుకున్నది నువ్వు. ఆయనను నేను చూసిన గుర్తు లేదు. ఆయన ఎప్పుడు వచ్చాడు? నాకు మతి తప్పుతున్నదేమో అని భయంగా ఉంది. జల్దీ రాయి.

నీ పెద్దమ్మ


హైదరాబాద్
జులై మొదటి వారం

పెద్దమ్మా,

నీ మతి బాగానే ఉంది. ఆయన రాలేదు. గట్టుగూడెం ఏ దిక్కున ఉందో కూడా ఆయనకు తెలియదు.

నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు, బెంగ పెట్టుకుంటావని. పీహెచ్‌డీకి ఆయన నా గైడు. ఆ ఏడు కోతపండుగలో నేను చూసిందే నా పరిశోధన. మనవాళ్ళు కాయ కోసం పాడరు, ఒక పేరు నోరారా పలికే హక్కు కోసం పాడతారని రాశాను. దానికి ఒక అధ్యాయమే పెట్టాను. ఆయన ఎర్ర గీత కొట్టి, "ఇది భక్తి, దీన్ని కొలవలేం, తీసెయ్" అన్నాడు. తీసేశాను. మిగిలిన దానికి "భయం" అని పేరు పెట్టి తన పేరున అచ్చు వేసుకున్నాడు. అడుగున సన్న అక్షరాల్లో, సమాచారం సేకరించిన విద్యార్థినికి కృతజ్ఞతలట. అడిగితే, "ముందు నా పేరు మీద పోనీ ఫ్లోరెన్స్, దారి పడుతుంది, నీది తర్వాత" అన్నాడు. అప్పుడు నా పట్టా మీద ఆయన సంతకం పడాలి. నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత ప్రతి ఇంటర్వ్యూలో బల్లకు అవతల ఆయనే. "అమ్మాయి కష్టజీవే, సొంత ఆలోచనే తక్కువ" అంటాడట. ఆ ఒక్క మాటతో నా ప్రొఫెసర్ పోస్టు ఏటేటా వెనక్కి పోతోంది. ఆయన మాత్రం నా అమ్మ గుమ్మడికాయ పట్టుకుని దేశాలు తిరుగుతున్నాడు.

నవంబరులో, తన పుస్తకం మీద సినిమా తీసేవాళ్ళను వెంటబెట్టుకుని మన కోతపండుగకు వస్తాడు. ఏర్పాట్లు నన్నే చేయమన్నాడు. చేస్తాను. పెద్దమ్మా, మనిషి ఎట్లా తేల్చుకుంటాడో చూడడమే నా పని. కెమెరా ఉన్నచోట ఆయన చెయ్యి దించుకుని కూర్చోలేడు. ఎవరైనా తన మీద పోటీకి వస్తే అసలు ఆగలేడు. ఈ ఏడు గుమ్మడి నా పేరున పెట్టు. ఆయన గెలవాలి. గెలిచి, మైకులో ఆ మాట అనాలి. ఆ పద్ధతి ఆయనకు గుర్తుండదు, తన చేత్తో కొట్టేసిన అధ్యాయమే కదా.

నాకు ఆయన డబ్బు వద్దు, క్షమాపణ వద్దు. ఆ నోటి నుండి ఆ ఒక్క మాట కావాలి. నీకు భయమైతే చెప్పు.

ఫ్లోరెన్స్


గట్టుగూడెం
జులై, వాన పడుతుండగా

బిడ్డా,

భయం ఎందుకుండదు? గుడిలో పగ! నీ ఉత్తరం బియ్యం డబ్బా అడుగున దాచాను. పాస్టరు గారిని అడుగుదామని పోయి, అడగలేక, వాళ్ళింట్లో టీ తాగి వచ్చాను. పగ సంగతి దేవుడు చూసుకుంటాడని ఆయన ఎప్పుడూ చెప్పేదే. చూసుకోనీ. తీగ పాకించడం వరకు నా వంతు.

ఒక్కటి మాత్రం విను. దేవుని బల్ల ముందర అబద్ధం పేరు పెట్టను. నీ పంట అనాలంటే నువ్వే నాటాలి. గ్రేసమ్మ తీగ గింజలు ఏటేటా బూడిదలో కలిపి సీసాలో దాస్తున్నాను. ఆదివారం రా. నీ చేత్తో పెట్టి పో. నీళ్ళు నేను పోస్తాను, కాపలా నేను కాస్తాను. కోతులు అడవి విడిచి ఊరి మీదనే పడ్డాయి, అడవిపందులు ఒకటి. పిందె పడ్డ రోజు నుండి నాకు నిద్ర ఉండదు.

సమ్మయ్యకు చెప్పాను, ఆ ఏడు నా మీద పాడినట్టు ఈసారి ఆ సారు మీద పాడమని. "అక్కా, పాట నా మీద పడితేనో?" అన్నాడు. "పడదు, ఆయన వెనక కెమెరా ఉంటది" అన్నాను. నువ్వు చెప్పిన చదువే. సరిగ్గానే చెప్పానా?

బస్సులో కిటికీ పక్కన కూర్చోకు. చెయ్యి బయట పెట్టకు.

పెద్దమ్మ


హైదరాబాద్
అక్టోబరు

పూజ్యురాలైన పెద్దమ్మకు,

ఉత్తరం ఆలస్యమైంది. పని ఎక్కువగా ఉంది.

ఒక మంచి వార్త. సారు నన్ను పిలిచి మాట్లాడారు. మా సంస్థలో నిర్ణయాల మీద పరిశోధనకు కొత్త కేంద్రం పెడుతున్నారు. ఆయన దానికి అధిపతి. ప్రొఫెసర్ పోస్టు ఈసారి నాకే అన్నారు. "ఇన్నేళ్ళు ఓపిక పట్టావు ఫ్లోరెన్స్, నేను మరిచిపోలేదు" అన్నారు. నీ ఆరోగ్యం కూడా అడిగారు.

సినిమావాళ్ళు మొన్న ఆఫీసులో తీశారు. నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఈ దారి నాకు సారే చూపించారని చెప్పాను. చెప్పాల్సి వచ్చింది.

పాత సంగతులు తవ్వితే ఎవరికేం వస్తుంది? పోయిన పేరు ఎట్లాగూ పోయింది, ముందున్నదైనా చూసుకోవాలి కదా. పండుగ రోజు నాకు మీటింగ్ ఉంది, రాలేను. కాయ సంగతి... కోతుల బెడద అని రాశావు కదా. కోతులు తిన్నాయనుకో.

ఫ్లోరెన్స్


గట్టుగూడెం
అక్టోబరు, శనివారం

ఫ్లోరెన్స్‌కు,

కోతులు తినలేదు.

నా పాత చీరలు చించి తీగ చుట్టూ కట్టాను. డబ్బా కొట్టీ కొట్టీ నా భుజం పడిపోయింది. కాయ ఇద్దరు మోసేంత ఉంది. తొడిమ ఎండుతోంది. నువ్వు రాసింది చదివి పెరట్లోకి పోయి దాని పక్కన కూర్చున్నాను. తినమని కోతిని నేనే పిలుద్దామా అనుకున్నాను. చెయ్యి రాలేదు.

నీకు తెలియని సంగతి ఒకటి జరిగింది. మొన్న నీ సారు ముందుగా ఊరు చూసుకుందామని వచ్చాడు. సినిమా తీసే పిల్ల సాయిప్రియ కూడా వచ్చింది. మంచి పిల్ల, ఎండలో టోపీ లేకుండా తిరుగుతోంది. నీ సారు మన ఇంట్లో మంచం మీద కూర్చుని నన్ను ఆ పిల్లకు చూపించి, "ఈమేనండీ ఆ భయస్తురాలు" అన్నాడు. సంతలో గొడ్డును చూపించినట్టు. తర్వాత నా వైపు వంగి అడిగాడు, "ఇంకా భయపడుతున్నావా అవ్వా?"

"అవ్ సారూ, భయమే" అన్నాను. "మీరు కూసున్న మంచం కోడు పుచ్చింది. పడి నడుం ఇరుగుతదేమోనని భయం."

లేచి నిలబడ్డాడు. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది. అప్పుడు ఆ పిల్ల వినకుండా అడిగాను, "సారూ, ఆ ఏడు మీరు మా గుడిలో యాడ కూసున్నరు? నేను చూడలే." "వెనక బల్ల మీద అవ్వా, నీకు గుర్తుండదు" అన్నాడు. నా ఇంట్లో, నా చాయ్ తాగుతూ, నువ్వు కూర్చున్న బల్ల తనది అన్నాడు.

నీకు పోస్టు రావాలని నేను ఉపవాసాలున్నాను. వస్తే సంతోషమే. కాయ నీ ఒక్కదానిదే అయితే నువ్వు చెప్పినట్టే పారేసేదాన్ని. తీగ గ్రేసమ్మది. ఆమె పేరు కోసం నేను కోళ్ళమ్మితే దానికి భయం అని పేరు పెట్టినవాడి పక్కన, ఆమె కూతురు కూర్చుని ఈ దారి ఆయనే చూపించాడని చెప్పింది. ఆ మాట నేను మళ్ళీ చదవలేదు. నీ ఉత్తరాల్లో మళ్ళీ చదవనిది అదొక్కటే.

పండుగకు నువ్వు రాకు. వస్తే నా చెయ్యి పట్టుకుని ఆపుతావు.

దగ్గు మందు మానకు.

సంపూర్ణ


గట్టుగూడెం
నవంబరు, పండుగ అయిన మరునాడు

బిడ్డా,

అయిపోయింది. బీపీ గోళీ వేసుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే అర్థం చేసుకో.

పొద్దున గుడి నిండిపోయింది. అరటి గెలలు, వడ్ల కంకులు, కోళ్ళు, కొండమ్మ తెచ్చిన ఇప్పపువ్వు. నీ కాయ దేవుని బల్ల ముందర నేల మీద పెట్టారు, బల్ల ఆనలేదు. కాగితం మీద పేరు రాసి పాస్టరు గారికి ముందే ఇచ్చాను. ఆయన చదివి, నన్ను చూసి, "నాటింది ఆ పిల్లేనా?" అన్నారు. "ఆ పిల్లే, నా కళ్ళతో చూశాను" అన్నాను. ఆ కాగితం బైబిల్లో పెట్టుకున్నారు.

షాలేమ్‌రాజు ఎప్పటిలాగే వేలం పాట మొదలుపెట్టాడు. వాడి నోరు నీకు తెలుసు కదా. సమ్మయ్య చెయ్యి లేపగానే అరిచాడు, "మామ లేపిండు! హైదరాబాదు సార్లు గుమ్మడికాయ దప్పళం తినరా ఏంది?" సాయిప్రియ కెమెరా సారు వైపు తిప్పింది. సారు లేపాడు. సమ్మయ్య మళ్ళీ లేపాడు. "లేపిండు, సారు మళ్ళ లేపిండు! మామా, ట్రాక్టరు అమ్ముతవా, కూసుంటవా?" సమ్మయ్య పౌరుషంలో పడి నిజంగానే పాడేస్తాడేమో అని నాకు భయం. చివరికి మీసం తుడుచుకుని కూర్చున్నాడు. సారు లేచి అందరికీ దండం పెట్టాడు, ఓట్లలో గెలిచినట్టు.

కాయ మీద చెయ్యి వేయబోతుంటే పాస్టరు గారు ఆపారు. "మా పద్ధతి ఒకటుంది సార్. ఇది ఎవరి పంటో చెప్పి, నాది కాదు అని ఎత్తుకోవాలి."

సారు నవ్వి మైకు అందుకున్నాడు. "తెలియదా ఏంటి? మన సంపూర్ణమ్మ పంట!"

పిల్లలంతా ఒక్కసారి "కాదూ..." అన్నారు.

ఆయన ముఖంలో నవ్వు అట్లాగే ఉంది, కళ్ళల్లో మాత్రం పోయింది. "అంతా దేవుని పంటే కదా" అన్నాడు.

"ఆమేన్" అన్నారు పాస్టరు గారు. "మొలిపించింది దేవుడే. నాటింది ఎవరు సార్?"

ఆడవాళ్ళ వైపు నుండి కొండమ్మ అడిగింది, "పుస్తకంల లేదా సారూ?" గుడంతా గొల్లుమంది. అప్పుడు సాయిప్రియ కెమెరా వెనక నుండి మెల్లగా అడిగింది, "సార్, మీరు ఇంతకుముందు ఈ పండుగలో కూర్చున్నారు కదా? అప్పుడు ఈ పద్ధతి చూడలేదా?"

ఆయన మైకును ఈ చేతి నుండి ఆ చేతికి మార్చుకున్నాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. నా భయాలన్నీ ఎవరో మూటగట్టి ఆయన తల మీద పెట్టినట్టు కనిపించింది.

తెలియనివాళ్ళు పోయి అడిగి తెలుసుకోవాలి, అది కూడా పద్ధతే. పాస్టరు గారు నా వైపు చూపించారు. సారు ఆ బల్లల మధ్య నుండి నడిచి వచ్చి, నా ముందర వంగి, సన్నగా అడిగాడు, "ఎవరిదమ్మా?"

ఆ రోజు అవ్వా, ఈ రోజు అమ్మా.

"ఫ్లోరెన్స్‌ది" అన్నాను.

"ఏ ఫ్లోరెన్స్?"

"మీకు ఎంతమంది ఫ్లోరెన్స్‌లు తెలుసు సారూ?"

ముఖం నల్లబడింది. "సరే, ఆమెదే" అన్నాడు నాకు ఒక్కదానికే వినపడేటట్టు.

"మైకుల చెప్పుండ్రి సారూ. నాకు చెవుడు."

చెప్పాడు బిడ్డా. బల్ల దగ్గరికి పోయి, కెమెరా ముందర, "ఇది ఫ్లోరెన్స్ పంట" అన్నాడు. అని మైకు కింద పెట్టబోయాడు. పాస్టరు గారు పెట్టనియ్యలేదు. "ఇంకో మాట ఉన్నది సార్." కెమెరా వైపు చూడకుండా అన్నాడు, "నాది కాదు."

ఆమేన్ అని గుడంతా ఎంత గట్టిగా అన్నదో, పైన రేకులు అదిరాయి. నాకైతే రేకు ఊడి ఎవరి నెత్తిన పడుతుందో అని భయం వేసింది.

కాయ తీసుకోకుండానే కారెక్కాడు. నా కడుపులో ఎంత చల్లగా ఉందో రాయడానికి నాకు మాటలు రావు. ఆయనను క్షమించమని పాస్టరు గారు సాయంత్రం ఇంటికి వచ్చి మరీ చెప్పారు. "కాయ ఉడకనీయండి, చూద్దాం" అన్నాను.

నీ పోస్టు పోతుందేమో. తెలుసు. తెలిసే చేశాను.

పెద్దమ్మ


హైదరాబాద్
డిసెంబరు

పెద్దమ్మా,

నీ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నీ ఉత్తరం రాకముందే నాకు తెలిసిపోయింది. మీ ఊరి కుర్రవాళ్ళెవరో ఫోనులో తీసి పంపారు, అది పాకి పాకి మా క్యాంపస్ అంతా పాకింది. ఆయన వరండాలో నడుస్తుంటే వెనక నుండి విద్యార్థులు "నాది కాదు, నాది కాదు" అంటున్నారు.

ఆయన నన్ను పిలిచాడు. బల్ల మీద నా పోస్టు ఆర్డరు ఉంది, పక్కనే ఒక తెల్ల కాగితం. "అది ఊరివాళ్ళ తమాషా అని ఒక్క వాక్యం రాయి ఫ్లోరెన్స్. ఆర్డరు తీసుకుని పో" అన్నాడు. పెన్ను తీశాను. నీకు అబద్ధం చెప్పను, మూత కూడా తీశాను.

మనిషి ఇప్పుడే తేల్చుకున్నాననుకునేది ఎప్పుడో తేలిపోయి ఉంటుందని ఏళ్ళ తరబడి పిల్లలకు పాఠం చెబుతున్నాను. నా సంగతి మాత్రం నాకు ఆ గదిలోనే తెలిసింది. జులైలో నీ పెరట్లో మోకాళ్ళ మీద కూర్చుని, అమ్మ గింజను బొటనవేలితో మట్టిలోకి నొక్కినప్పుడే నాది తేలిపోయింది.

పెన్ను మూత పెట్టాను. "సార్, వీడియోలో ఆ రెండో మాట సరిగ్గా వినపడలేదు. ఇంకోసారి చెప్పండి" అన్నాను.

ఆయన ఆర్డరు చింపాడు. నేను అక్కడి నుండి నేరుగా డైరెక్టర్ దగ్గరికి పోయి ఫిర్యాదు ఇచ్చాను. కమిటీ వేశారు. గట్టుగూడెం ఏ సంవత్సరం వెళ్ళారని అడిగితే చెప్పలేకపోయాడు. ఆ కొత్త కేంద్రం నుండి ఆయనను తప్పించారు. నీకేం కావాలని నన్ను అడిగారు. మా గుడి పద్ధతి కావాలన్నాను. పుస్తకం మళ్ళీ అచ్చు వేసినప్పుడు మొదటి పేజీలో ఆ రెండు వాక్యాలు ఉండాలి, కింద ఆయన పేరుండాలి. ఒప్పుకోక తప్పలేదు.

నా ప్రొఫెసర్ పోస్టు పోయింది. ఆయన మనుషులు ఇక్కడ ఉన్నన్నాళ్ళూ రాదు. క్యాంటీన్లో నా పక్కన కూర్చునేవాళ్ళు తగ్గారు. నేను మాత్రం కడుపు నిండా తింటున్నాను.

కాయ కొయ్యకు. క్రిస్మస్‌కు వస్తున్నాను.

నీ ఫ్లోరెన్స్


గట్టుగూడెం
మార్చి

నా బిడ్డకు,

పుస్తకం చేరింది. మొదటి పేజీలో ఉంది, చిన్న అక్షరాలే అయినా ఉంది. "ఈ పంట ఫ్లోరెన్స్‌ది. నాది కాదు." కింద ఆయన పేరు. నల్లా దగ్గరికి తీసుకుపోయి కొండమ్మకు చదివి వినిపించాను. రెండోసారి చదవమంది. బిందె పొంగి పొర్లినా చదివించుకుంది.

క్రిస్మస్ నాడు నువ్వు కోసిన కాయ గింజలు బాగా ఎండాయి. సగం బూడిదలో దాచాను. ఒక గుప్పెడు కవర్లో పోసి మీ సారుకు రిజిస్టర్ పోస్టు చేశాను. పైన "ఫ్లోరెన్స్ పంట" అని రాశాను. ఏటా కోతపండుగ అయ్యాక ఒక గుప్పెడు పోతుంది. నేను పోయాక కూడా పంపే ఏర్పాటు సమ్మయ్యకు అప్పజెప్పాను.

పాస్టరు గారికి చెప్పకు. ఉత్తరం అందగానే ఒక్క ముక్క రాయి. ఆ కవరు కొంచెం బరువుగా ఉంది, పోస్టాఫీసు పిల్లవాడు సరిగ్గా తూచాడో లేదో. స్టాంపులు చాలక అది మీ సారుకు చేరకుండా తిరిగి వస్తుందేమో అని ఒకటే భయం.

పెద్దమ్మ